వ్యాయామశాలలో పాత సభ్యురాండ్రు



వయసు మీఱిన స్త్రీకి తగిన పని యేదని యడిగినచో మన యిండ్లలో వినవచ్చు సమాధానము తఱచుగా నొక్కటియే: కృష్ణా రామా యనుకొనుచు నొకచోట గూర్చుండుట. ఆ మాటను నిష్ఠురముగా ననరు, ప్రేమతోనే యందురు. కోడలు చేతిలోని బిందె నందుకొనును, కుమారుడు సంచి నందుకొనును, మనుమడు మెట్లకడ చేయి యిచ్చును. ఇంతకంటె భాగ్యమేమి కావలెనని యిరుగుపొరుగువా రనుకొందురు. కాని కూర్చుండుట కలవాటుపడిన దేహము లేచుట మఱచిపోవునన్న సంగతి యెవరికిని దోచదు. ఒకనాడు పీటమీదినుండి లేవబోయి గోడ పట్టుకొందుము. కొన్నాళ్లకు గోడ చాలక మనిషిని బిలుతుము. ఆ పిమ్మట పీటమీద గూర్చుండుటయే మానివేయుదుము. ఈ మూడు మెట్లును మనకు దెలియకుండనే దిగిపోవుదుము.

ఈ మాసమున మేము ముచ్చటింపదలచినది దీనికి మాఱుగా, అఱువది దాటిన పిమ్మటను వ్యాయామశాలకు బోవు స్త్రీల సంగతి. వ్యాయామశాల యనగా నేడందఱును జిమ్మని పిలుచుచున్నదే. జనగామలో స్త్రీలకు వేఱుగా వేళ నేర్పఱచిన యొక చిన్న చోట మేము సభ్యులమై 11 సంవత్సరములైనది. చేరునాటికి మా వయస్సు 55, నేడు 66. మహబూబాబాదులో మా చెల్లెలు 8 ఏండ్లుగా నిట్టి చోటికే పోవుచున్నది. భూపాలపల్లిలో బొగ్గుగనుల యుద్యోగుల కాలనీలో నున్న మా వియ్యపురాలు మా యిరువురిని జూచి చేరి, నేడు మాకంటె నెక్కువ పట్టుదల గలదియైనది. ముగ్గురమును గలసినప్పుడు మాటలు మనుమల చదువులతో మొదలై, మోకాళ్లమీదికి వచ్చి, తుదకు వ్యాయామశాలలోనే ముగియును. చేరిన క్రొత్తలో మేమందఱమును దానిని మందువలె భావించితిమి. ఇన్నేండ్లకు దెలిసినదేమనగా, అది సుఖము. మందుకొఱకు బోవువారు నొప్పి తగ్గగనే మానుదురు. సుఖముకొఱకు బోవువారు మానరు. ఆ సుఖమెట్టిదో చెప్పినచో మన సోదరీమణులలో గొందఱైనను ఆలోచింతురని మా యాశ.

మొదటి సుఖము మన పేరు. పెండ్లియైనది మొదలు స్త్రీ పేరు మెల్లమెల్లగా గనుమరుగగును. మొదట ఫలానావారి కోడలు, తరువాత ఫలానావాని తల్లి, ఆ తరువాత అత్తమ్మ, అమ్మమ్మ, బాపమ్మ. ఇవన్నియు దీయని పిలుపులే. వానిని వదలుకొమ్మని యెవరు చెప్పగలరు? కాని ఆ పిలుపులలో బ్రతిదాని వెనుకను నొక పని కాచుకొనియున్నది. వడ్డించుటయో, ఎత్తుకొనుటయో, ఒకరు వచ్చువఱకు తలుపుకడ వేచియుండుటయో తప్పదు. వ్యాయామశాల పుస్తకములో మన పేరు మన పేరుగానే వ్రాయుదురు. ఆ గంటసేపు మన మెవరికిని వడ్డింపము, మనకెవరును వడ్డింపరు. చేతిలోని బరువును మనముగాక వేఱొకరు మనకొఱకు ఎత్తలేరు. ఇల్లు విడిచి పోవలెనన్న కోరిక లేనివారికి గూడ ఇల్లుగాని చోటొకటి కావలయును. పురుషులకు రచ్చబండ గలదు, టీకొట్టు గలదు. వయసుమీఱిన స్త్రీకి గుడి దప్ప మఱేమున్నది?

రెండవ సుఖము లెక్క. పాలపద్దు, చాకలిపద్దు వ్రాయుట మనకు గ్రొత్త కాదు. వ్యాయామశాలలోను నొక పద్దు గలదు: ఏనాడు ఎంత బరువు, ఎన్ని మాఱులు. చేరిన మొదటి మాసమున మేము చేతికొకటి చొప్పున 2 కిలోల డంబెల్లు ఎత్తి, ఎంతో చేసితిమనుకొంటిమి. కుర్చీమీదినుండి చేతులానకుండ లేచుట 4 మాఱులు చేయగనే మోకాళ్లు వణకెను. రెండేండ్లకు 20 మాఱులు లేవగలిగితిమి. ఇట్లు మొదట గొన్నాళ్లు అంకెలు పెరుగుచు వచ్చును. పిమ్మట నాగిపోవును. అప్పుడు చాలమంది నిరుత్సాహపడి మానుకొందురు. పాత సభ్యురాలికి మాత్రమే తెలియు మర్మ మిక్కడనే యున్నది. అఱువది దాటినపిమ్మట నిరుడు ఎత్తినదానిని ఈయేడును ఎత్తగలుగుటయే పెరుగుదల. ఏలయన, ఏమియు జేయనివారి బలము ఏటేట దగ్గుచునే యుండును. మా జనగామ ప్రక్కనున్న పెంబర్తి యిత్తడిపనికి పేరుపొందినది. ఎంత మేలైన యిత్తడియైనను చింతపండుతో దోమక విడిచినచో నల్లబడును. నిరుడు దోమితిమిగదా యని యీయేడు మానెడి యిల్లాలు గలదా? దేహమును నట్టిదే.

మూడవ సుఖము సాహచర్యము. ఒకే వేళకు, ఒకే గదిలో, ఏండ్లతరబడి కలసికొనువారి నడుమ బెరుగు చెలిమి బంధుత్వము వంటిదిగాదు. అందులో పెట్టుపోతల లెక్కలు లేవు, అలుకలు లేవు. రెండు దినములు పోకున్నచో ఫోను వచ్చును. మాలో నొకామె భర్తను బోగొట్టుకొని ఆఱు నెలలు రాలేదు. తిరిగి వచ్చిననాడు ఎవరును బరామర్శమాట లాడలేదు. ఆమె యెప్పుడును నిలుచు కిటికీప్రక్క చోటును విడిచి, అందఱును గొంచెము జరిగి నిలిచిరి. ఆమె తన చాప పఱచుకొని కన్నీరు దుడుచుకొని మొదటి తేలిక డంబెల్లు నందుకొనెను. ఆ పాత చోటు తనకొఱకు ఖాళీగా నుండుట యెంత యోదార్పో ఆమె తరువాత మాతో జెప్పెను. నిన్న చేరినవారి కిట్టిది దొరకదు. ఇక పెద్దఱికము గూడ గలదు. కళాశాల బాలికలు వచ్చి, "పెద్దమ్మా, నడుము వంగకుండ బరువెట్లు ఎత్తవలె?" నని యడుగుదురు. ఇంటిలో మన సలహా యడుగువారు తగ్గుచున్న కాలమున నీప్రశ్న యెంత తీపిగా నుండునో చెప్పనలవి గాదు.

ఈ సుఖములు నాలుగు గోడల నడుమనే నిలిచిపోవునవి గావు. బతుకమ్మ పండుగ 9 దినములును చప్పట్లు చఱచుచు, వంగుచు లేచుచు, గుండ్రముగా తిరుగుటకు మోకాళ్లు కావలయును. సద్దులనాడు బరువైన బతుకమ్మను నెత్తిన బెట్టుకొని చెఱువుగట్టు దిగుటకు మెడయు నడుమును గావలయును. అరుగుమీద గూర్చుండి చూచువారిలో జేరక ఆడువారిలో నుండుట యెంత భేదము! జనగామ, మహబూబాబాదులు రెండును సికింద్రాబాదునుండి కాజీపేటమీదుగా విజయవాడకు బోవు రైలుమార్గమున నున్నవి. బండి నిలుచు నొకటి రెండు నిమిషములలో ఎత్తైన మెట్టెక్కి మన సంచిని మనమే లోనికి జేర్చుకొనవలెను. భూపాలపల్లికి రైలు లేదు, బస్సే శరణ్యము. 2023 డిసెంబరు 9వ తేదీ మొదలు తెలంగాణమున స్త్రీలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచితప్రయాణము కల్పింపబడినది. టిక్కెట్టు ఉచితమైనను బస్సు మెట్టెక్కు కాలు మనదిగానే యుండవలెను గదా!

మన ముత్తవ్వల కిట్టి చోట్లు లేవే, వారెట్లు బ్రతికిరని కొంద ఱడుగవచ్చును. మన దేశమున వ్యాయామశాల క్రొత్తది కాదు. తాలింఖానాలలో దండీలు, బస్కీలు తీసి, సాము నేర్చిన పురుషులు వెనుకటికాలమున బెక్కండ్రు గలరు. విజయనగరమున బెరిగిన కోడి రామమూర్తినాయుడుగారు (1882–1942) తన బలప్రదర్శనములచేత దేశమెల్ల బ్రసిద్ధికెక్కెను. కాని తాలింఖానా వాకిలి స్త్రీలకు మూసియుండెను. వారికి రోలును రోకలియు, ఇసుర్రాయియు, చేదబావియు నుండెను. అది వ్యాయామమన్న పేరులేని వ్యాయామము. విశ్రాంతి యెఱుగని చాకిరియు నదియే. మిక్సీయు, కొళాయియు, గ్యాసుపొయ్యియు వచ్చి ఆ చాకిరి తప్పించుట మంచిదే. దానిని మరల రమ్మని మేము గోరము. అయితే చాకిరితోడ బరువునుగూడ మన చేతులనుండి తీసికొనిపోయినవి. ఆ బరువునే, ఈమాఱు మన యిష్టప్రకారము, మన కొలతప్రకారము తిరిగి చేతికి దెచ్చుకొను చోటు వ్యాయామశాల. శ్రీకాకుళముజిల్లా యాడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్కులలో రెండు ఎత్తులును గలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యపతకము గొన్ననాడు, ఇనుము ఆడువారి చేతికి దగదను మాట తీరిపోయినది. ఒలింపిక్కులలో బతకము గెలిచిన మొదటి భారతస్త్రీ యామెయే. ఇక వయసు మాటయందురా? పంజాబు దేశపు మన్ కౌర్ 93వ యేట పరుగు నేర్చి, 2017లో న్యూజిలాండులోని ఆక్లండు పోటీలలో 101 ఏండ్ల వయసున 100 మీటర్లు పరుగెత్తెను. ఆమె 2021లో 105వ యేట గన్నుమూసెను.

శాస్త్రజ్ఞుల మాటయు వినుడు. మన దేశమున స్త్రీలకు సగటున 46, 47 ఏండ్లకే ముట్లుడుగును. ఆ పిమ్మట కొన్నేండ్లు ఎముకల సాంద్రత వేగముగా దగ్గును, కండయు దగ్గును. అందువలననే చిన్న జారుపాటునకే తుంటియెముక విఱుగుట, ఆ మంచమునుండి మరల లేవకుండుట. బోస్టన్ నగరమున నొక వృద్ధాశ్రయములో 86 మొదలు 96 ఏండ్ల వయసుగల 10 మందిచేత 8 వారములు కాళ్ల బరువుల వ్యాయామము చేయించిరి. 1990లో బ్రకటించిన ఫలితముల ప్రకారము, తుదివఱకు చేసినవారి కాలిబలము సగటున 174 శాతము పెరిగెను. ఆస్ట్రేలియాలో ఎముకలు పలుచబడిన 101 మంది స్త్రీలపై జరిపి 2017లో బ్రకటించిన పరిశోధనలో, శిక్షకుల కనుసన్నలో వారమునకు రెండుమాఱులు అరగంట చొప్పున 8 నెలలు పెద్దబరువులు ఎత్తినవారికి నడుముభాగపు వెన్నెముక సాంద్రత 2.9 శాతము పెరుగగా, ఇంటికడ తేలిక వ్యాయామము చేసినవారికి 1.2 శాతము తగ్గెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో నిచ్చిన సూచనలలో, 65 ఏండ్లు దాటినవారికి వారమున 150 మొదలు 300 నిమిషముల మధ్యరకపు శ్రమతోపాటు, కనీసము 2 దినములు కండబలపు వ్యాయామమును, 3 దినములు తూలిపడకుండ గాపాడు వ్యాయామమును జెప్పినది. ఉదయపు నడక మంచిదే. కాని నడక యొక్కటియే చాలదని దీని భావము.

మహబూబాబాదువైపు నాటువేయుచు, మిరపకాయ లేఱుచు వయసు గడపిన స్త్రీకి వ్యాయామమేల యని మా చెల్లెలి నొకరు పరిహసించిరట. ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. పొలముపని దేహమును గట్టిపఱచుమాట నిజమే. కాని దినమంతయు నొకవైపే వంగియుండు నడుమునకు విప్పారు వేళ లేదు. అలసినను వరుస ముగియువఱకు నాగుటకు వీలులేదు. బరువు నిర్ణయించునది మనము గాదు. వ్యాయామశాలలో బరువు మన చేతికి దగినంతయే, వంగినంతసేపు వెనుకకు జాపుటయు నుండును, చాలుననుకొన్నప్పుడు దింపవచ్చును. కూలిపనిచేయు సోదరికి గూడ నీగంట దొరకవలెనని కోరుదుమేగాని, ఆమెకిది యక్కఱలేదని యనము.

స్త్రీలకు దగిన వ్యాయామశాల యన్ని యూళ్లలో లేదు. 2020 ఫిబ్రవరిలో పట్టణప్రగతి యారంభమైన పిమ్మట తెలంగాణమున బురపాలకసంఘములు ఉద్యానవనములలో ఆరుబయటి వ్యాయామసాధనములు నెలకొల్పసాగినవి. 2022 జూన్‌లో గ్రామములకు క్రీడాప్రాంగణములు వచ్చినవి. వానిని తప్పక వాడుకొనుడు. అయితే ఆరుబయటి సాధనములలో బెక్కింటికి బరువు కొంచెము కొంచెముగా బెంచు వీలులేదు. కీళ్లు కదలుటకు మంచివి, బలము పెరుగుటకు జాలవు. అదియు లేనిచోట నొక గట్టి కుర్చీ, ఒక గోడ, నీరుపోసిన రెండు చిన్న బిందెలు చాలును. కుర్చీనుండి చేతులానక లేచుట, గోడకు చేతులాన్చి వంగి లేచుట, గోడప్రక్కన నొంటికాలిమీద నిలుచుట, సమమైన బిందెలను జెఱియొక చేత బట్టుకొని నడచుట. ఇవి నలుగురు చేరి చేసినచో అదియే వ్యాయామశాల.

కొన్ని జాగ్రత్తలు. రక్తపుపోటు, మధుమేహము, గుండెజబ్బు, విఱిగిన యెముక గలవారు వైద్యుని యడుగక మొదలుపెట్టరాదు. బరువెత్తునప్పుడు ఊపిరి బిగబట్టరాదు, ఎత్తునప్పుడు విడువవలెను. ఱొమ్ములో నొప్పి, కండ్లు తిరుగుట, కీలులో గ్రుచ్చినట్టి బాధ కలిగినచో వెంటనే మానవలెను. పైటచెఱగు యంత్రములకు జిక్కును గనుక సల్వారువంటి దుస్తులు ధరింపుడు; సిగ్గు మొదటి వారమే. భోజనమున బప్పు, పెరుగు, తినువారికి గ్రుడ్డు చాలినంత యుండవలెను. డబ్బాలలోని పొడులు మనకు అవసరము కాదు. చేరినవెంటనే ఫలమాశింపక మూడు మాసములు చూడుడు. కూతురి కాన్పునకో, పెండ్లికో పోయి రెండు నెలలు మానవలసివచ్చినచో, తిరిగి వచ్చి సగము బరువుతో మొదలిడుడు. మొదటిసారి పట్టినన్నాళ్లు పట్టదు.

తుదకు ముఖ్యమైన మాట. ఇంటి ఖర్చులలో మొట్టమొదట గోతపడునది అత్తగారి వ్యాయామశాల రుసుము. పొదుపు పేరున ఆమెయే స్వయముగా "నాకెందుకులే" యనును. మా చోట నేడాదికి గట్టునది యొక మంచి పట్టుచీర వెల మించదు. ఒక తుంటియెముక శస్త్రచికిత్స కెంత యగునో తెలిసినవారు రెంటిని బోల్చుకొందురుగాక. ఇట్లు ఒక్కొక్కరే "నాకెందుకులే" యని మానుచు బోగా నేమగునో మేము చూచితిమి. ఒక వేసవిలో మా స్త్రీల వేళకు వచ్చువారు నలుగురమే మిగిలితిమి. ఇంత తక్కువమందికి గది తెఱువజాలనని, ఆ వేళను యువకుల కిత్తునని యజమాని చెప్పెను. ఆయన లెక్క ఆయనది. మేము నలుగురమును మండుటెండలో నిల్లిల్లు తిరిగితిమి. కొన్నిచోట్ల గోడలు మాటాడినట్లే యుండెను. కొన్నిచోట్ల కోడండ్రే ముందుకువచ్చి అత్తల చేయిపట్టి పంపిరి. నెల తిరుగులోపల 13 మంది చేరిరి; వేళ నిలిచినది. ఆ చేరినవారిలో 9 మంది నేడు పాత సభ్యురాండ్రు.

కావున నీముచ్చట చదివిన కోడండ్రారా, మీ యత్తగారి చేతిలోని బిందె నందుకొనుట ప్రేమయే. కాని ఆమె బిందె నెత్తగలిగి యుండునట్లు వారమున మూడు గంటలు విడుదల నిచ్చుట అంతకు మించిన ప్రేమ. అత్తలారా, మీ రుసుము మీరు తగ్గించుకొనకుడు. మీ యూర స్త్రీల వేళ యున్నచో పోయి పేరు వ్రాయించుకొనుడు. లేనిచో పదిమంది చేరి యడుగుడు. పోవునప్పుడు ప్రక్కయింటి యామెను వెంటబెట్టుకొని పోవుడు. ఒంటరిగా జేరినవారు మానుట మేము చూచితిమి. జంటగా జేరినవారు మాత్రము తఱచుగా నిలిచిరి.